తిరగేసిన పళ్లచక్రం

"ఆడది ముట్టిన బండప్పా ఇది! ఆడది ముట్టిన బండి! చూడండి, అందరూ చూడండి!"

ప్రొద్దుటూరులో పత్తి జిన్ను మిల్లుల పక్క వీధి. వలి బాషా మరమ్మతు దుకాణం ముందర ఒక ఎద్దులబండి నిలబడి ఉంది. దాని మీద పగ్గాలతో కట్టిన మోటారుసైకిలు అడ్డంగా పడుకొని ఉంది. పులివెందుల శెనక్కాయల వ్యాపారి ఆదినారాయణ శెట్టి ఎద్దుల పక్కన నిలబడి, వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా వినబడేటట్టు అరుస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే వలి బాషా పెళ్లాం మాబున్ని కమలాపురం బస్సు దిగి, చంకలో బట్టలమూటతో వీధి మలుపు తిరిగింది. చెల్లెలి కాన్పుకని పోయి, తల్లీబిడ్డా కోలుకునే దాకా ఉండి వస్తున్న మనిషి. ఆమెను చూడగానే జనం పక్కకు తొలిగి దారి ఇచ్చారు. ఆ దారి ఇవ్వడంలో మర్యాద లేదు. పిచ్చికుక్క వస్తే ఇచ్చే దారి అది.

"ఇదిగో, వచ్చింది మేస్త్రీ!" అన్నాడు శెట్టి. "రామ్మా, రా. నువ్వు బిగిచ్చిన చక్రానికి మా గుమాస్తా చెయ్యి ఇరిగి జమ్మలమడుగు ఆస్పత్రిలో పడుండాడు. సంబరంగా ఉండాదా?"

మాబున్నికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏ చక్రం? ఎప్పుడు బిగించింది? మొగుడి వైపు చూసింది. వలి బాషా దుకాణం గడపలో నిలబడి, చేతిలోని పానాను తుడిచిందే తుడుస్తున్నాడు.

"నాకు కండ్లు సరిగ్గా కనపడవు గదప్పా," అన్నాడు శెట్టితో, ఆమె వైపు తిరగకుండానే. "మా ఇంట్లోదే బిగిచ్చింది. ఏందో పొరపాటు చేసినట్టుండాది."

ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. వలి బాషా నోటి నుంచి ఇట్లాంటి మాట రావడం అదే మొదలు. ఆ దుకాణంలో ఇన్నేళ్లుగా బాగుపడిన బండ్లన్నీ వలి బాషా బాగు చేసినవే అని ఊరు చెప్పుకునేది. అతని కండ్లు మసకబారినప్పటి నుంచి అవన్నీ నిజానికి మాబున్ని చేతిలో బాగుపడ్డవి. చెడిపోయిన ఈ ఒక్క బండిని బిగించింది మాత్రం వలి బాషా. మంచిదంతా మగవాడి ఖాతాలోకీ, చెడు ఒక్కటి జరిగితే అది ఊళ్లోనే లేని ఆడదాని నెత్తి మీదికీ ఎట్లా పోతుందో తెలియాలంటే, మాబున్ని సంగతి మొదటి నుంచి చెప్పాలి.

ఆమెది దూదేకుల ఇల్లు. తండ్రి అబ్దుల్ సత్తార్ మొదట్లో విల్లు భుజాన వేసుకొని చాపాడు చుట్టుపక్కల పల్లెలు తిరుగుతూ పరుపులకు దూది ఏకేవాడు. విల్లు కడుపు నింపకపోతే ప్రొద్దుటూరు జిన్ను మిల్లులో పట్టాలు చూసుకునే పనికి కుదిరాడు. మిల్లులో గోడ పొడవునా ఒకే పెద్ద ఇరుసు తిరుగుతుండేది. దాని మీది చక్రాల నుంచి కిందున్న గింజ తీసే యంత్రాలకు తోలుపట్టాలు. పై చక్రం, కింది చక్రం ఒకే గీతలో నిలబడితే పట్టా పొద్దస్తమానం తిరిగినా చప్పుడు చేయదు. ఏది కాస్త పక్కకు జరిగినా పట్టా అంచుకు పాకుతుంది. అంచు దాటిందా, తెగి వచ్చి ఎదురున్న మనిషి మొహం పగలగొడుతుంది. పట్టా జారినప్పుడల్లా పైవాళ్లు పట్టాను తిట్టేవారు, లేదా దాన్ని తగిలించినవాణ్ని తిట్టేవారు. సత్తార్ మాత్రం జేబులోంచి నూలుదారం తీసి, పై చక్రం అంచు నుంచి కింది చక్రం అంచుకు బిగలాగి, ఒక కన్ను మూసి చూసేవాడు.

"పట్టా జారితే పట్టాను కొట్టగూడదు పాపా," అనేవాడు, సద్ది తీసుకొచ్చిన కూతురితో. "దానికి సొంత దారి లేదు. చక్రాలు యాడ నిలబడినాయో చూడల్ల."

దారం రెండో కొస పట్టుకోవడం మాబున్నికి ఆట. ఆడుతూ ఆడుతూనే ఆ చూపు ఆమె కంటికి పట్టుబడింది. గోడకు తగిలించిన తట్ట కాస్త వంకరగా ఉన్నా ఆమెకు తోచేది కాదు, లేచి సరిచేసేది.

ఆమెను పెళ్లి చేసుకున్న వలి బాషా సైకిళ్లు బాగుచేసేవాడు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన మోటారుసైకిళ్లు మద్రాసు నుంచి ఒకటొకటిగా ఈ పక్కకు రాసాగాయి. కంట్రాక్టర్లు, వ్యాపారులు కొన్నారు. వాటిని విప్పి బిగించడం వలి బాషా తనంతట తాను నేర్చుకున్నాడు. మంచి చెయ్యి అతనిది, అబద్ధం ఆడకూడదు. జమ్మలమడుగు నుంచీ పులివెందుల నుంచీ బండ్లు అతన్ని వెతుక్కుంటూ వచ్చేవి. కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్ది కాలంలోనే అతని కండ్లకు పొరలు కమ్మడం మొదలైంది. మొదట సన్నని మరలు కనిపించలేదు. తరువాత పెద్దవీ మసకబారాయి.

అప్పుడు మాబున్ని పక్కన కూర్చుంది. మొదట పానా అందించడానికి. తరువాత చూసి చెప్పడానికి. ఆ తరువాత, ఎప్పుడని ఇద్దరికీ తెలియకుండానే, బిగించడానికి. పద్ధతి ఒకటి ఏర్పడిపోయింది. బండి వస్తే వలి బాషా ముందర దుకాణంలో దించుకుంటాడు, రెండు మాటలు మాట్లాడతాడు, దాన్ని తోసుకుంటూ ఇంటి వెనక వాకిట్లోకి తెస్తాడు. మాబున్ని పొయ్యి మీది కూర దించి, కొంగు బిగించి, దాని ముందర కూర్చుంటుంది. బాగుపడిన బండిని వలి బాషా మళ్లీ ముందరికి తోసుకుపోతాడు.

"వలి బాషా చెయ్యి పడితే చచ్చిన బండి గూడా లేచి కూర్చుంటాదప్పా!" అని వచ్చినవాళ్లు మెచ్చుకునేవారు. వెనక వాకిట్లో కిరసనాయిలుతో చేతుల జిడ్డు కడుక్కుంటూ మాబున్ని ఆ మాట వినేది.

ఇది రహస్యమా అంటే కాదు. ఎదురుగా టీ అంగడి నడిపే హుమాయున్‌కు తెలుసు. నీళ్లకు పోయే ఆడవాళ్లకు తెలుసు. ఆమె గాజుల సందుల్లో నల్లటి జిడ్డు ఎక్కడి నుంచి వస్తుందో అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ అనరు. అనకపోవడమే ఆమెకు చేస్తున్న ఉపకారం అనుకునేవారు. మన ఊళ్లలో ఇట్లాంటి ఉపకారాలకేం కొదవ లేదు. పొలంలో నాట్లు వేసేది ఆడవాళ్లు, పంట పండించింది రైతు. మగ్గానికి దారం తోడేది ఆడవాళ్లు, చీర నేసింది నేతగాడు. మాబున్ని కూడా అట్లాగే అనుకొని ఊరుకుంది. ఇల్లు గడుస్తుంది, మొగుడి తల వంగకుండా ఉంటుంది, చాలు అనుకుంది. ఊరుకున్న మనిషి నోట్లోనే ఊరు మన్ను కొడుతుందని ఆమెకు ఆ రోజు దాకా తెలియలేదు.

వీధిలో అందరూ చూస్తుండగా మాబున్ని మూట కింద పెట్టి, ఎద్దులబండి దగ్గరికి పోయింది. మోటారుసైకిలు వెనక చక్రం ఆమె కంటికి ఎదురుగా ఉంది. చైను తెగి, పళ్లచక్రానికీ చట్రానికీ నడుమ ఇరుక్కొని ముద్ద అయిపోయింది. ఆమె చైనును చూడలేదు. పళ్లచక్రాన్ని చూసింది. ఒక్క చూపే.

సైకిళ్ల మీద బతికినవాళ్లకు ఒక అలవాటు ఉంది. చైను ఎప్పుడూ పళ్లను ఒక పక్కకే లాగుతుంది కనుక, కొన్నాళ్లకు పళ్లు పులిగోళ్ల మాదిరి ఒక పక్కకు వంగుతాయి. కొత్తది కొనలేనివాడు పళ్లచక్రాన్ని విప్పి, తిరగేసి బిగిస్తాడు. వెలిసిన కోటును విప్పి లోపలి పక్క పైకి వచ్చేటట్టు కుట్టించుకున్నట్టే. అరగని పక్క లాగుడుకు వస్తుంది, ఇంకొన్నాళ్లు నడుస్తుంది. ప్రొద్దుటూరులో ఇది చేయని సైకిలు అంగడి లేదు. సైకిలు పళ్లచక్రం రొట్టె మాదిరి చదునుగా ఉంటుంది కనుక ఎటు తిప్పినా ఒకటే. కానీ ఈ మిలిటరీ బండి పళ్లచక్రం చదునుగా ఉండదు. తిన్నే పళ్లెం మాదిరి కాస్త గుంటపడి ఉంటుంది. గుంట లోపలికి, అంటే బండిచక్రం వైపుకు ఉండాలి. అప్పుడే దాని పళ్లు ముందున్న చిన్న చక్రం పళ్లతో ఒకే గీతలోకి వస్తాయి. తిరగేస్తే గుంట బయటికి వస్తుంది, పళ్ల వరస మొత్తం బయటికి జరిగిపోతుంది. చైను ఏటవాలుగా నడుస్తూ, పళ్లను కోసుకుంటూ, ఒకనాటికి అంచు ఎక్కి దూకుతుంది.

శెట్టి బండి మీద గుంట బయటికి ఉంది. వాన పడితే చుక్క నిలిచేటట్టు, నోరు తెరుచుకొని వీధిని చూస్తూ ఉంది.

మాబున్ని మొగుడి వైపు తిరిగింది. చెబుతాడని నిలబడింది. అతను పానా తుడుస్తూనే ఉన్నాడు. ఆమె మూట ఎత్తుకొని లోపలికి పోయింది. తప్పు చేసింది కాబట్టి నోరు లేవలేదని జనం అనుకున్నారు. శెట్టి, "ఇంగ ఈ గడపలో నా బండి దించితే నా పేరు ఆదినారాయణే కాదు!" అని ఎద్దులను తిప్పించుకున్నాడు.

"అది నేను బిగిచ్చిందా?" అంది మాబున్ని, వలి బాషా లోపలికి రాగానే.

"గట్టిగా అరవొద్దు."

"అరిసినోడు వీధిలో అరిసినాడు. నేను మాట్లాడతాండా. చెప్పు, అది నేను బిగిచ్చిందా?"

వలి బాషా మంచం మీద కూలబడ్డాడు. "ఆ హుమాయున్ గాడు నోరు పారేసుకున్యాడు. పెండ్లాం ఊర్లో లేకపోతే మామకు పానా యా పక్క పట్టుకోవాల్నో గూడా తెలీదు అన్యాడు. అందరూ నవ్విరి. శెట్టేమో, కొత్తది మద్రాసు నుంచి ఎప్పుడొస్తాదో, తిరగేసి వెయ్యి సాయిబూ అనె. తిరగేస్తి."

"కండ్లు లేకపోతే వేళ్లు లేవా? గుంట యా పక్కుండాదో తడిమితే తెలీదా?"

"నవ్వుతాండారు గదా... తొందరపడితి. సైకిలు చక్రం మాదిరే అనుకుంటి."

"సరే. తప్పు అందరూ చేస్తారు. నామీద ఎందుకు పెడ్తివి?"

వలి బాషా పానా మంచం కింద పెట్టి అన్నాడు. కసితో అనలేదు. నిజంగానే అట్లా అనిపించి అన్నాడు. అదే ఎక్కువ మండించింది ఆమెకు.

"నా పేరు పోతే దుకాణం పోతాది మాబున్నీ. నీ పేరు పోతే ఏం పోతాది? నీకు పేరు యాడుంది పొయ్యేదానికి?"

వాకిట్లో బియ్యం చెరుగుతున్న వలి బాషా అక్క ఖదీజా చాట పక్కన పెట్టింది. "వాడన్న దాంట్లో తప్పేముంది? మొగోడి పరువు కాపాడేదే గదా ఆడదాని పని. ఒక నింద మోస్తే నీ నెత్తేం అరిగిపోతాదా? ఇంగమీద పానా ముట్టుకోకుండా పొయ్యి కాడ కూర్చో. నాలుగు నాళ్లకు జనమే మర్చిపోతారు."

"పొయ్యి కాడ కూర్చుంటాలే వదినా. పొయ్యి మీదికి బియ్యం ఎవరు తెస్తారు?"

ఖదీజా మళ్లీ చాట అందుకుంది.

మరుసటి రోజు మాబున్ని జమ్మలమడుగు బస్సెక్కింది. చెయ్యి విరిగిన మనిషిని చూడకుండా ఆమెకు అన్నం దిగలేదు. గుమాస్తా వేదవ్యాస ఆస్పత్రి మంచం మీద, కట్టు కట్టిన చేతిని పసిబిడ్డను పట్టుకున్నట్టు గుండెకు ఆనించుకొని ఉన్నాడు. ఏటి దాపున మలుపులో చైను దూకిందట. వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోయి, బండి ఈడ్చుకుంటూ పోయి రాళ్లలో పడేసిందట.

"నామీద కోపంగా ఉండాదా సామీ?" అంది మంచం పక్కన కూర్చొని.

"నీ మీద నాకెందుకమ్మా కోపం? నువ్వు ఊర్లోనే లేవు గదా."

మాబున్ని తల ఎత్తింది. "మీకు తెలుసునా?"

"తెలియకేం? దుకాణం ముందర బల్ల మీద కూర్చొని ఉంటిని. వలి బాషా బిగిస్తుంటే చూస్తిని. కండ్లు చిట్లించుకొని పాపం ఎంత తిప్పలుపడినాడో."

"అయితే శెట్టికి చెప్పలేదా?"

వేదవ్యాస గోడ వైపు చూశాడు. "తిరగేయమన్నది శెట్టే గదమ్మా. ఆ మాట నా నోటి నుంచి వస్తే నా కొలువు ఉంటుందా? ఈ చెయ్యి ఎప్పటికి అతుక్కుంటుందో. ఇంకో చోట నన్ను ఎవరు పెట్టుకుంటారు?" ఆమె మొహం చూసి, ఓదార్చబోయాడు. "నువ్వు తప్పు చేయలేదని నాకు తెలుసు. పైన దేవుడికి తెలుసు."

"దేవునికి తెలిసి ఏం లాభం సామీ? ఆయప్ప బండి రిపేరికి తీసుకొస్తాడా?"

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని మాబున్ని లోలోపల ఉడికిపోయింది. ఎదురంగట్లో నవ్వినవాళ్లను అట్లుంచితే, నిజం ముగ్గురికి తెలుసు. చక్రాన్ని తిరగేయమన్నవాడికి తెలుసు, తిరగేసినవాడికి తెలుసు, తిరగేస్తుంటే చూసినవాడికి తెలుసు. ఒకడికి తన పిసినారితనం బయటపడుతుందని భయం. ఒకడికి పేరు పోతుందని భయం. ఒకడికి కూడు పోతుందని భయం. ముగ్గురి భయాలూ కలిసి ఎక్కడికి పారాయి? పల్లం ఎక్కడుంటే అక్కడికి. ఊళ్లో లేని ఆడదాని మీదికి. వేదవ్యాస మీద ఆమెకు కోపం రాలేదు, వాడి బతుకు వాడిది. కానీ తన బతుకు తనది కాదా? ఆ చేతులు తనవి కావా?

ఊళ్లో అప్పటికే మాట పాకింది. చాపాడు నుంచి వచ్చిన మనిషి ఒకడు బండి దించి, "సాయిబూ, నువ్వే చెయ్యల్ల. ఆయమ్మను ముట్టనియ్యాకు," అన్నాడు. వలి బాషా, "అట్లనేలేప్పా," అని తల ఊపాడు. ఊపి, ఎప్పటి మాదిరే బండిని తోసుకుంటూ వెనక వాకిట్లోకి తెచ్చి, మాబున్ని ముందర నిలబెట్టాడు.

ఆమె పొయ్యి ఊదుతున్నదల్లా ఊదుడుగొట్టం పక్కన పెట్టింది. బండిని చూసింది, మొగుణ్ని చూసింది. నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగిపోయి మంట అయింది.

"ఈ బండికి నా చెయ్యి తగలగూడదంట. వినపడలేదా నీకు?"

"వాళ్లకేం తెలుస్తాదే? అనుకోనీ. నువ్వు బిగిచ్చు."

"నేను బిగిచ్చను. నువ్వు బిగిచ్చు. చెడిపోతే అప్పుడు నా పేరు చెప్పు. అదైతే నీకు బాగ వచ్చు గదా."

ఆ రోజు నుంచి ఆమె పానా ముట్టలేదు. వంట చేసింది, నీళ్లు తెచ్చింది, మొగుడి కండ్లలో మందుచుక్కలు వేసింది. బండి మాటెత్తితే మాత్రం, "ఎవరు బిగిచ్చిరో వీధిలో చెప్పు. చెప్పినాక పిలువు," అనేది. వలి బాషా బతిమాలాడు, కసిరాడు, అన్నం మానేశాడు. ఖదీజా శాపనార్థాలు పెట్టింది. చాపాడు బండిని వలి బాషా తానే బిగించబోయి వేలు నలగ్గొట్టుకున్నాడు. ఆ మనిషి బండిని తోసుకొని వెళ్లిపోయాడు. వెనక వాకిట్లో నూనె మరకల మీద కోళ్లు తిరగసాగాయి. ఒక ఆడది చెయ్యి మడిస్తే ఆ ఊరి మేటి మరమ్మతు దుకాణం మూతపడిందని అందరికీ కనిపిస్తూనే ఉంది. అప్పుడైనా ఎవరైనా అన్నారా? "పాపం, వలి బాషా కండ్లు శానా పాడైనట్టుండాయి," అన్నారు.

శెనక్కాయలు కళ్లాలకు వచ్చే కాలానికి ఆదినారాయణ శెట్టి ఎద్దులబండి మళ్లీ ఆ వీధిలోకి వచ్చింది. దాని మీద అదే మోటారుసైకిలు. పులివెందులలో ఒక సైకిలు మేస్త్రీతో మద్రాసు నుంచి తెప్పించిన కొత్త పళ్లచక్రం, కొత్త చైను వేయించాడట. అయినా రెండుసార్లు చైను దూకింది. పాతది ఎట్లా ఉందో చూసి కొత్తదాన్నీ ఆ మేస్త్రీ అట్లాగే, గుంట బయటికే బిగించాడు మరి. ఒకడి తప్పు రెండోవాడికి కొలత అయింది.

ఒట్టు పెట్టిన పెద్దమనిషి ఆ ఒట్టు సంగతి ఎత్తకుండా బండి దించాడు. "వలి బాషా, నువ్వే సొంతంగా చూడాల. ఆయమ్మను మాత్రం దగ్గరికి రానీయొద్దు," అన్నాడు.

మాబున్ని వెనక నుంచి కాదు, ముందర నుంచి వచ్చి గడప పక్కన నిలబడింది.

వలి బాషా బండి పక్కన గొంతుక్కూర్చొని వెనక చక్రం మీద చెయ్యి వేశాడు. ఈసారి ఎవరూ నవ్వడం లేదు, తొందర లేదు. వేళ్లు ఇరుసు దగ్గర నుంచి పళ్ల దాకా మెల్లగా పాకాయి. గుంట వేలికి తగిలింది, బయటి పక్కన. "రానీయొద్దు" అన్న మాటకు మళ్లీ తల ఊపాలి ఇప్పుడు. మెడ వంగలేదు.

"ఆ పొద్దు తిరగేసింది నేను శెట్టీ," అన్నాడు, చక్రంతో చెబుతున్నట్టు. "మాబున్ని ఊర్లో లేదు."

శెట్టి అటూ ఇటూ చూశాడు. గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "పోనీలే సాయిబూ. దానికేముంది? పొరపాటు ఎవరికైనా జరుగుతాది. కండ్లు కనపడనోడివి, పాపం."

అదీ సంగతి! ఆడది చేసిందన్నంతసేపూ అది నేరం. ఎద్దులబండి కట్టుకొచ్చి ఊరంతా చాటవలసిన నేరం. మగవాడు తానే చేశానని ఒప్పుకోగానే అది పొరపాటు. పైగా పాపం.

"అదేంది శెట్టీ, గొంతు తగ్గింది?" అంది మాబున్ని. "చలి చేసిందా?"

"అయిపోయిందేదో అయిపోయింది గదమ్మా. ఎందుకు మళ్లీ తవ్వుకునేది?"

"నామీద మన్ను పోసినప్పుడు తవ్విన గుంత అది. నేను పూడ్చుకోవద్దా?"

వలి బాషా లేచాడు. తడుముకుంటూ వీధి నడిమికి నడిచాడు. ఎదురంగట్లో ఎవరున్నారో అతనికి కనిపించదు. అయినా అటే తిరిగి గొంతెత్తాడు.

"హుమాయున్! వినపడతాందా? తిరగేయమన్నది శెట్టి! తిరగేసింది నేను! మాబున్ని ఆ పొద్దు కమలాపురంలో ఉండాది! నా కండ్లు పోయినాక ఈ దుకాణంలో నడిచిన బండ్లన్నీ అది బిగిచ్చినవే. నేను బిగిచ్చింది ఈ ఒక్కటే. అదీ పడింది!"

టీ గ్లాసులు ఆగిపోయాయి. హుమాయున్ చేతిలో పాల గరిటె గాల్లోనే ఉండిపోయింది. "మాకు తెలుసులే మామా," అన్నాడు నంగిగా.

"తెలుసు గదా, యాడ పెట్టుకున్యావు ఇన్నాళ్లు? టీ పొడి డబ్బాలోనా?" అంది మాబున్ని.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు. లోపలికి పోయి పానాలు, కిరసనాయిలు, నూలుదారం తెచ్చుకొని, వెనక వాకిట్లోకి పోకుండా, అక్కడే వీధి ఎండలో బండి పక్కన కూర్చుంది.

చైను రెండు కొసలను కలిపే లాకు ఊడదీసింది. చక్రం దించింది. పళ్లచక్రాన్ని విప్పి పక్కన పెట్టి, అది కూర్చునే చోటును బొగ్గుపొడి, కిరసనాయిలుతో రుద్దింది. అక్కడ ఇసుక రవ్వంత ఉన్నా, పాత జిడ్డు పొరంత ఉన్నా పళ్లచక్రం ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది. గుడ్డతో తుడిచి, వేలితో తడిమి, గుంట లోపలికి వచ్చేటట్టు పళ్లచక్రాన్ని ఆనించింది. బోల్టులు ఒకదాని తరువాత ఒకటి వరసగా బిగించలేదు. ఒకటి కాస్త బిగించి, దానికి ఎదురున్నదాన్ని కాస్త బిగించి, మళ్లీ మొదటిదానికి వచ్చింది. వరసగా బిగిస్తే ఒక పక్క లోపలికి పోయి ఇంకో పక్క లేస్తుంది. చక్రాన్ని బండికి ఎక్కించి, పళ్ల అంచు దగ్గర ఒక మేకు ఆనించి తిప్పింది. మేకుకూ పళ్లకూ మధ్య సందు ఎక్కడా పెరగలేదు, తరగలేదు. చైను వేసి, ఇరుసును వెనక్కి లాగే మరలను రెండు పక్కలా సమంగా తిప్పింది. ఆఖరున దారం ఒక కొస ముందున్న చిన్న పళ్లచక్రానికి ఆనించి, రెండో కొస కోసం చుట్టూ చూసింది.

వలి బాషా చెయ్యి చాచాడు. ఆమె దారం కొస అతని వేళ్ల మధ్య పెట్టింది. "కదిలిచ్చొద్దు," అంది.

ఒక కన్ను మూసి చూసింది. ముందు పళ్లచక్రం అంచు, వెనక పళ్లచక్రం అంచు దారాన్ని ఒకే తీరుగా తాకాయి. మధ్యలో వెలుతురు సందు లేదు. ఇరుసు నట్లు గట్టిగా బిగించి, చక్రాన్ని చేత్తో విసిరి తిప్పింది. చైను చప్పుడు లేకుండా పరుగెత్తింది.

శెట్టి బండి చుట్టూ తిరిగి, వంగి చూసి, గుమాస్తాల దగ్గర నవ్వే నవ్వు ఒకటి మొహాన తెచ్చుకున్నాడు. "శానా బాగుండాది. చూడమ్మా, ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు. మా ఊర్లో ఎవరన్నా అడిగితే వలి బాషానే బిగిచ్చినాడని చెప్తాలే. సంసారిదానివి. నీ పేరు నలుగురి నోట్లో నానేది ఎందుకు?"

ఉపకారమే చేస్తున్నాననుకున్నాడు, ఆ పెద్దమనిషి.

మాబున్ని చెయ్యి తుడుచుకుంటున్న గుడ్డ కింద పడేసి, పానా అందుకొని, మళ్లీ కూర్చుంది. ఇరుసు నట్టు కిర్రుమంది.

"ఏం చేస్తాండావమ్మా?"

"విప్పుతాండా."

"ఎందుకు?"

"ఆయప్ప బిగిచ్చినాడని చెప్తావు గదా. ఆయప్పనే బిగియ్యనీ. పెద్దమనిషివి, నా వల్ల నీకు అబద్ధం ఎందుకు?"

అటు పక్క నట్టు కూడా వదులయింది. ఆమె చెయ్యి చైను లాకు మీదికి పోయింది. శెట్టి వలి బాషా వైపు చూశాడు. వలి బాషా ఎటూ చూడకుండా, దారాన్ని వేళ్లకు చుట్టుకుంటూ నిలబడ్డాడు. హుమాయున్ అంగడి ముందర జనం గ్లాసులు పట్టుకొని దగ్గరికి జరిగారు. కళ్లాల్లో శెట్టి కోసం రైతులు కాచుకొని ఉన్నారు.

"ఆపు తల్లీ, ఆపు! నువ్వే బిగిచ్చినావు. సరేనా? మాబున్నే బిగిచ్చింది."

మాబున్ని లాకు మీది నుంచి చెయ్యి తీయలేదు.

"గుమాస్తా చెయ్యి ఇరిగినప్పుడు యాడిదాకా వినపడిందో, ఆడిదాకా వినపడల్ల శెట్టీ."

ఆదినారాయణ శెట్టి వీధి ఆ చివరకు ఒకసారి, ఈ చివరకు ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.